శ్రవణాధికారము

ఏలూరునందు గాని తాడేపల్లిగూడెమునందు గాని క్రొత్తగా కారు కొన్నవారు తొలి ప్రయాణము ద్వారకాతిరుమలకు చేయుట ఈ సీమలో ఆచారము. చిన్న తిరుపతియని జనులు పిలుచుకొను ఆ క్షేత్రమున పూజారి బానెట్టుపై పసుపుకుంకుమలతో స్వస్తికము దిద్ది, పూలదండ వైచి, కొబ్బరికాయ కొట్టించి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలుంచి, బండిని ముందుకు పోనిమ్మనును. తాడేపల్లిగూడెపు నిమ్మకాయల మార్కెట్టు దాపుననే యుండగా కాయలకు కొదవ యేమి! అవి చితికిన చప్పుడు వినబడీ వినబడకముందే యజమానుడు డాష్‌బోర్డు నడుమనున్న తెరను వ్రేలితో తాకును. బంధువెవ్వరో కానుకగా నిచ్చిన పెన్‌డ్రైవునుండి విష్ణుసహస్రనామము మొదలగును. అంతవరకు జరిగిన తంతులో శాస్త్రమెంత, దేశాచారమెంత యను విచారణతో నాకు పనిలేదు. ఆ చివరి క్రియ మాత్రము నన్ను చాలకాలమునుండి ఆలోచనలో పడవేయుచున్నది. అక్కడ పఠించినవారెవరు? వినినవారెవరు? ఆ వినికిడి భాగవతులు చెప్పిన శ్రవణమనిపించుకొనునా, లేక చెవిన బడిన చప్పుడు మాత్రమేనా?

శరీరమును రథముగాను బుద్ధిని సారథిగాను రూపించిన కఠోపనిషత్తు కల్పన ఇట్టి వ్యాసమునకు అడుగకయే చేతి కందునది. దానిని నేను ముట్టను. ఆ రథమున స్టీరియో లేదు.

బజారులో 'స్టీరియో' యనియు 'సెట్టు' అనియు, కంపెనీ కాగితములలో హెడ్ యూనిట్ అనియు వ్యవహరింపబడు ఈ పెట్టె గాయకుడు కాదు, వాద్యమును కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, లెక్కకందని మురుగుకాలువలును వచ్చి తనలో పడగా సముద్రమునకు వెడలుటకు ఉప్పుటేరొక్కటే దారిగా గల కొల్లేటివలె, రేడియోయు, పెన్‌డ్రైవును, ఫోనునుండి బ్లూటూతు ద్వారా వచ్చు పాటయు, త్రోవ చెప్పు మ్యాపు కంఠమును, మాటలాడవచ్చిన బావమరది కంఠమును ఇందే చేరును. వానిలో దేనిని ఎప్పుడు, ఎంత బిగ్గరగా విడువవలెనో ఈ పెట్టె నిర్ణయించును. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా యను పేర కారురేడియోను అమ్మజూపినపుడు రేడియో యొక్కటే దానికి ఆధారము. 1963లో ఫిలిప్సువారి క్యాసెట్టు వచ్చిన తరువాత శ్రోతకు తన పాటను తన జేబులో పెట్టుకొనిపోవు వీలు కలిగినది. జర్మనులు డిన్ అను ప్రమాణముగా నిర్ణయించిన, నూట యెనుబది మిల్లీమీటర్ల వెడల్పు, ఏబది మిల్లీమీటర్ల ఎత్తు గల డాష్‌బోర్డు గూడు మాత్రము నేటికిని చెల్లుచున్నది. ఎత్తు రెట్టించినది డబుల్ డిన్ అనబడును. చరిత్ర ఇంతకు మించి మన ప్రశ్నకు అక్కరలేదు.

అట్టపెట్టెపై పెద్ద అక్షరములతో '50 వాట్లు × 4' అని ముద్రించి యుండును. కారు బ్యాటరీ పండ్రెండు వోల్టులది. ఇంజను నడుచునపుడు పదునాలుగు చిల్లర. నాలుగు ఓముల స్పీకరునకు ఆ వోల్టేజిపై ఎడతెగక అందింపగల శక్తి ఇరువది వాట్ల ప్రాంతమును మించుట అరుదు. లోపలి కరపత్రమున ఆర్.ఎం.ఎస్. అను శీర్షికక్రింద చిన్న అక్షరములలో ఆ సంగతియు కనబడును. మీమాంసకుల పరిభాషలో చెప్పవలెనన్న చిన్న అక్షరములది విధి, పెద్ద అక్షరములది అర్థవాదము. అర్థవాదము అసత్యము కాదు, కొనుగోలుదారునకు రుచి పుట్టించుటకై చేసిన స్తుతి.

మీమాంసకులనుటచే వారికిని నైయాయికులకును శతాబ్దములుగా సాగిన పోరు జ్ఞప్తికి వచ్చుచున్నది. వర్ణము ఎల్లవేళల నున్నదే, కంఠతాల్వాదుల వ్యాపారము దానిని వ్యక్తపరచునే గాని పుట్టింపదని మీమాంసకుల పక్షము. శబ్దము పుట్టును, నశించును. నీటిలో తరంగము తరంగాంతరమును లేపినట్లు శబ్దము శబ్దాంతరమును లేపుచు చెవిని చేరునని నైయాయికుల పక్షము. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున శబ్దమును ఆకాశగుణముగా నిర్వచించి, భేరీనాదమువంటి ధ్వనిరూపమని, భాషవంటి వర్ణరూపమని దానిని రెండుగా విభజించెను. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము మొదలై, తెల్లవారుజామున భక్తిరంజని కొల్లేటి లంకలలో సైతము వినబడజొచ్చినపుడు మీమాంసాపక్షమువారు మీసము దువ్వుకొని యుందురని నా ఊహ. పెదఎడ్లగాడి వంతెనమీద కారు నిలిపి సెట్టు కట్టివేసినను విజయవాడ వారి 837 కిలోహెర్ట్జుల తరంగము ఆ గాలిలో నిండియే యుండెను గదా. మీట నొక్కుట వ్యక్తీకరణమే గదా!

అమెరికానుండి అల్లుడు తెచ్చిన సెట్టు ఈ వాదమునకు మరియొక మెలిక పెట్టును. అచ్చట మధ్యతరంగ కేంద్రములు పదేసి కిలోహెర్ట్జుల యెడముతోను, ఇచ్చట తొమ్మిదేసి యెడముతోను ఉండును. ఆ సెట్టు 830పై నిలుచును, లేదా 840పై నిలుచును. మెనూలో ప్రాంతమును మార్చువరకు 837పై కాలు మోపదు. అభివ్యంజకమునకు యోగ్యత లేనిచో నిత్యమైనదియు వ్యక్తము కాదని మీమాంసకుడు దీనిని గూడ తన వైపునకే లాగుకొనును. అయినను ఈ విషయమున నేను నైయాయికుని ప్రక్కనే నిలుతును. గాలిలో నిండియుండినది విద్యుదయస్కాంత తరంగము, శబ్దము కాదు. స్పీకరులోని కాగితపు కోను కదలినపుడు శబ్దము అప్పటికప్పుడు, ఆ తలుపు చెక్కలో, క్రొత్తగా పుట్టుచున్నది. దివంగతుల కంఠమైనను అట్లే పుట్టుచున్నది. పుట్టించినవాడు మాత్రము అచ్చట లేడు.

ఇక్కడ పూర్వపక్షి లేచి బలమైన మాట చెప్పును. 'యజ్ఞమున మంత్రములు పలుకువారు ఋత్విక్కులు. ఫలము పొందువాడు యజమానుడు. వారికి దక్షిణ, వీనికి స్వర్గము. నీ యింట సహస్రనామార్చన జరిగిన నాడు వేయి నామములు చదివినది పురోహితుడు, కూర్చుండి తమలపాకులు లెక్కపెట్టుకొన్నది నీవు. పుణ్యము నీదే యని ఒప్పుకొంటివి. దుకాణమున వెల యిచ్చి తెచ్చిన సెట్టు ఋత్విక్కు కాదేల? వెలయే దక్షిణ.' ఈ వాదమును నవ్వి త్రోసివేయరాదు. నామమంత్రము నొకదానినే రేయింబవలు వల్లించు చిన్న ప్లాస్టికు పెట్టెలు గుడి అంగళ్లలో అమ్ముడుపోవుట ఈ నమ్మకముమీదనే. ఇంటివారందరు ఊరికి పోయినను గోడకు తగిలించిన ఆ పెట్టె తన జపమును మానదు.

సమాధానము ఋత్విక్కు అను వ్యవస్థలోనే యున్నది. ఋత్విక్కును వరింపవలెను, అతడు అంగీకరింపవలెను, అంగీకరింపక పోవుటకు అతనికి స్వాతంత్ర్యము కలదు, ఒకొక్కప్పుడు దక్షిణ చాలదని అతడు ఆ స్వాతంత్ర్యమును చూపుటయు కలదు. యజమానునికి సంకల్పమున్నది, దీక్షయున్నది, తానే చేయవలసిన నియమములున్నవి. కర్మ నడుచుచుండగా అతడు లేచి కాఫీకి పోయిన యెడల పురోహితుడు పిలిపించును. సెట్టునకు నిరాకరించు శక్తి లేదు, యజమాని లేచిపోయినాడను ఎరుకయు లేదు. నిరాకరింపలేని వాని అంగీకారము అంగీకారము కాదు గనుక ఆ యంత్రము ఋత్విక్కు కాజాలదు. పఠించుట దానికి చెల్లదు. ఇక మిగిలినది వినువాని సంగతి.

పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరుగురను లెక్కించినది: రాగము తీసి పాడువాడు, వడివడిగా చదువువాడు, తల యూపువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థమెరుగనివాడు, కంఠము సన్ననివాడు. మన సెట్టు రాగము తీయును. ఫాస్ట్ ఫార్వర్డు మీట నొక్కినచో ఎంత వడిగానైన పరుగెత్తును. వ్రాత తప్ప దానికి మరియొక విద్యయే లేదు. అర్థము తెలియదనుట చెప్పనక్కరలేదు. తల యూపు దోషము మాత్రము దానికి లేదు, పైన డాష్‌బోర్డుమీద అంటించిన బొమ్మ ఆ లోటును తీర్చుచున్నది. ఆరింటిలో నిజముగా తప్పించుకొన్నది అల్పకంఠదోష మొక్కటియే.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు వాక్యమునకు సంబంధించినది. పదములు కలిసి వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని అన్నంభట్టే చెప్పెను. సన్నిధియనగా పదములను ఎడము లేక ఉచ్చరించుట. 'ఆవును' అని ఇప్పుడొకసారియు, 'తెమ్ము' అని జాము గడచిన తరువాత నొకసారియు పలికినచో వినువానికి బోధ కలుగదు. ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు జాతీయరహదారిపై, పూర్వము 5వ నంబరుదై నేడు 16వదైన దానిపై, భీమడోలు దాటుచుండగా ఒక నామమునకును మరుసటి నామమునకును నడుమ 'రెండువందల మీటర్ల తరువాత ఎడమకు తిరుగుము' అను స్త్రీకంఠము దూరును. యంత్రము మర్యాదగలది, ఆమె పలుకునంతసేపు స్తోత్రధ్వనిని తగ్గించి, తరువాత మరల పెంచును. తగ్గించినదే గాని ఆపలేదు గనుక రెండు మూడు నామములు ఆమె మాటక్రింద నలిగిపోవును. ఫోను మ్రోగినపుడు సంగతి వేరు: పెన్‌డ్రైవు పాట నిలిచి, సంభాషణ ముగిసిన పిమ్మట విడిచిన అక్షరమునుండియే సాగును, రేడియోలోనిది నిలువదు, ఆ అయిదు నిమిషములు ఎవ్వరికొరకును ఆగక పోయినవి పోయినట్లే. చెల్లెలితో ధాన్యము ధర మాటలాడి ముగించి, తెగిన నామముయొక్క ఉత్తరార్ధమును వినువానికి దాని పూర్వార్ధము ఏదో స్ఫురించునా? సెట్టునకు ఆ యెడము ఎడమే కాదు.

సెట్టునకు జ్ఞాపకమున్నదని మీరనవచ్చును. ఉన్నది; అది ఒక తీగలో నున్నది. వెనుకనుండి వచ్చు కట్టలో ఎల్లో వైరు బ్యాటరీనుండి నేరుగా ఎల్లవేళల పండ్రెండు వోల్టులు తెచ్చును; రెడ్ వైరు తాళము తిప్పినపుడే ప్రాణము పోసికొనును; బ్లాక్ వైరు కారు ఇనుపదేహమునకు తగిలి యుండును. తొందరపాటు మెకానికు ఎల్లోను రెడ్డును తారుమారు చేసినచో పాట పలుకును, అంతయు బాగుగనే యుండును; తాళము తీసినప్పుడెల్ల గడియారము సున్నకు వచ్చును, పొందుపరచిన స్టేషన్లు చెరిగిపోవును. మెలకువ వచ్చినవాడు 'సుఖముగా నిద్రపోతిని, ఏమియు ఎరుగను' అని చెప్పగలుగుటచే సుషుప్తియందును సాక్షి యొకడు మేలుకొని యున్నాడని అద్వైతులు సాధింతురు. ఆ సాక్షికి దృష్టాంతముగా ఎల్లో వైరును ఎత్తిచూపుటకు నాకును చాపల్యము కలిగినది గాని, అది నిలువదు. తీగ కాచినది అంకెలను. 'నేను నిద్రించితిని' అని సెట్టు ఎన్నడును చెప్పదు.

వినువాని వైపు నుండి చూచినచో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీతకు పట్టిన గతి విచిత్రమైనది. 1974 ఫిబ్రవరిలో దివంగతులగుటకు కొలదికాలము ముందు ఆయన శ్లోకములు పాడి తెలుగున తాత్పర్యము చెప్పిన ఆ రికార్డు, ఏ లోపము చేతను గాక తన గాంభీర్యము చేతనే, తెలుగుదేశమున చావింటి చిహ్నమై పోయినది. వైకుంఠరథముపై మైకులో ఆ కంఠము, శవమున్న యింటి ముంగిట షామియానాక్రింద ఆ కంఠము. అందుచే కారులో దానిని పెట్టుకొనుటకు జంకుదురు. పెట్టుకొన్నను అద్దములు పైకెత్తి పెట్టుకొందురు. ఏలూరు పవర్‌పేట సందులో అద్దము దించిన కారునుండి అది వినబడినచో ఎదురువచ్చు ముసలాయన చెప్పులు విడిచి, చేతులు జోడించి, తీరా చూచి బండిపై పూలు లేవేమని తెల్లబోవును. వర్ణములు అవే, స్వరము అదే, అర్థము అదే. రణభూమిలో చతికిలబడినవానిని లేచి పనిచేయుమన్న గ్రంథము పని ముగించుకొన్నవాని తలదాపున మ్రోగుచున్నది. అక్కడ ఎవరికొరకు పెట్టిరో అతడు వినడు. వినుచున్నవారు ఎవరో, వారికొరకు పెట్టలేదు.

కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండి మంచులో చేపలు నింపుకొని కలకత్తాకును అస్సామునకును పోవు లారీల డ్రైవర్లది వేరొక న్యాయము. బండి కదలగానే మొదటి పాట దేవునిది. కొల్లేటి పెద్దింట్లమ్మ పాటయో, అయ్యప్ప పాటయో. అది ముగిసిన తరువాత తెల్లవారువరకు సినిమా పాటలు. దానిని కపటభక్తియని కొందరు పరిహసింతురు గాని నాకు అందులో నిజాయితీ కనబడును. తాను వినబోవునది నిద్ర రాకుండుటకే యని ఆ డ్రైవరునకు తెలియును. దేవుని పాటను నిద్ర తరుము మందుగా వాడుకొనక, నమస్కారము వలె ఒక్కసారి ముందు పెట్టి ప్రక్కకు తప్పించుచున్నాడు.

అతనికి తెలిసిన ఆ సంగతియే బృహదారణ్యకమునందును కలదు. మనస్సు వేరొకచోట ఉండుటచే వినలేదని లోకులు చెప్పుకొందురు గనుక వినుట చెవితో గాక మనస్సుతోననియే ఆ ఉపనిషత్తు నిర్ణయించినది. కారు నడుపువాని మనస్సు వేరొకచోట ఉండియే తీరవలెను, ఉండకున్న ప్రమాదము. పైగా అతని బొటనవ్రేలి క్రింద, స్టీరింగు చక్రముమీదనే, 'తరువాతిది' అను మీట యున్నది. నా విచారణలో చిక్కుముడి ఇదియే. శ్రవణమను దానికి ప్రాణము విధేయత. పరీక్షిత్తు ఏడు దినములు శుకుని ఎదుట కూర్చుండెను. కథ సాగదీసినట్లు తోచినపుడు దాటవేయుటకు అతనికి మీట లేదు, మరియొక శుకుని ఎన్నుకొనుటకు వ్యవధియు లేదు. ఆధారమును మార్చుట, ధ్వని తగ్గించుట, ముందుకు త్రోయుట, బాసు పెంచుట అను అధికారములన్నియు చేతనున్నవాడు శబ్దమునకు ప్రభువగునే గాని శిష్యుడు కాడు. యంత్రము శబ్దమును చెరపలేదు. శ్రోతను పదవి పెంచి చెరపినది. పూర్వము బస్సులో కండక్టరునకు నచ్చిన క్యాసెట్టునే ఊరు వచ్చువరకు విన్న ప్రయాణికుడు, విసుగుకొనుచునే యైనను, మనకంటె శ్రోత.

తాడేపల్లిగూడెమున హైవే ప్రక్కనున్న ఒక దుకాణములో క్రొత్త సెట్టు బిగించుచుండగా ఈ విషయమునకు నేనెదురుచూడని వెలుగు దొరకినది. పాత సెట్టును ఊడబెరికి, గూటిలోనుండి కప్లర్లను పైకి లాగి, టెస్టరు బల్బుతో ఏ వైరు ఏదో చూచుకొని, ఇన్సులేషను టేపు పళ్లతో త్రెంచుచున్న ఆ పిల్లవాడు తలయెత్తి, 'టైమ్ అలైన్‌మెంటు ఏ సీటుకి పెట్టమంటారండీ?' అని యడిగెను. వివరింపుమంటిని. మన దేశమున నడుపువాడు కుడివైపు కూర్చుండును. కుడితలుపు స్పీకరు అతని మోకాటిదాపున, ఎడమది దూరమున. శబ్దము మీటరు దూరము పోవుటకు సుమారు మూడు మిల్లీసెకండ్లు పట్టును గనుక ఎడమనుండి వచ్చునది ఒకటిన్నర, రెండు మిల్లీసెకండ్లు వెనుకబడును; పాట మోకాటిలోనుండి వచ్చుచున్నట్లు తోచును. సెట్టు కుడిదానిని అంతమేర ఆలస్యము చేసినచో రెండును ఒక్క క్షణమున అతని శిరస్సునొద్ద కలియును. సుబ్బులక్ష్మిగారు ముందుటద్దము నడుమ నిలిచి సహస్రనామము పాడుచున్నట్లుండును. మరి ప్రక్క సీటువారికో? 'ఆళ్లకి ఇంకా తేడాగా ఉంటదండీ' అని ఆతడు దాపరికము లేక చెప్పెను. రెండు సీట్లకును సరిపోవు ఆలస్యము లేదు, గణితమే ఒప్పుకొనదు.

ఇంత శ్రమపడి, ఇంత సూక్ష్మముగా సరిచేసిన ధ్వని ఎవని తలకు గురిపెట్టబడినదో ఆతడే ఆ వాహనమున వినుటకు అందరికంటె తక్కువ వీలున్నవాడు. వెనుక సీటులో కిటికీప్రక్కన కూర్చున్న ముసలమ్మకు, ముందు వెనుక స్పీకర్లకు ధ్వనిని పంచు ఫేడరు ముందుకు నెట్టబడి యుండుటచే, సగము ధ్వనియే అందును. మీటలు ఆమెకు అందవు, అందినను వాడుక తెలియదు. పెదవులు కదలుచున్నది ఆమెవే.

నవవిధభక్తులలో శ్రవణమును మొదట లెక్కించినవాడు ప్రహ్లాదుడు. అతడెట్లు వినెనో భాగవతమున సప్తమస్కంధము చెప్పుచున్నది. నారదుడు తత్త్వమును బోధించినది ఆశ్రమమున తలదాచుకొన్న అతని తల్లికి. గర్భస్థుడైన శిశువు లోపలనుండి వినెను. ఎన్నుకొనలేదు, అడుగలేదు, ఆపుమనలేదు; ముని తల్లిని ఎదుట నిడుకొని పలుకుచుండగా చెవిన బడినది పట్టుకొనెను. కాలము గడచిన పిమ్మట తల్లి మరచినది, కొడుకునకు నిలిచినది. తల్లిని నిందింప నక్కరలేదు. భర్త తపస్సునకు పోయి యుండెను, దేవతలు ఇంటిపై పడిరి, ప్రసవము కావలసి యుండెను. బండి నడుపువానికి ఉన్నట్లే ఆమెకును చూచుకొనవలసిన త్రోవ యుండెను.